రాయగడా, విశాఖా? ముందు అసలు భయం ఏదో చూడండి

ఉత్తరం: ఒడిశాలోని రాయగడలో రైల్వే గుమాస్తాని. నాన్న సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం నాకొచ్చింది. 17 ఏళ్లయింది. నాకిప్పుడు 44. మా వారికి ఇక్కడే మందుల షాపు. బాబు విశాఖలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. రాయగడ వేరే డివిజన్ అవుతోంది కదా, ఏ డివిజన్లో ఉంటామో ఆప్షన్ అడుగుతారని ఒకరు, అడగరని ఒకరు. ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి వెళ్లాయి. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన ఒడియా అబ్బాయి అందరి ముందూ ‘అపా (అక్కా), అలా కాదు’ అంటుంటే తల కొట్టేసినట్టుంటోంది. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. బాబు కోసం విశాఖ వెళ్లిపోదామంటే మా వారు షాపు వదలనంటారు. ‘అంత కష్టమైతే వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకో’ అంటారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇంట్లో ఊరికే అరుస్తున్నాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పెద్దది, ఇక్కడ కుదించి ఇచ్చాం. అందులో బాబుకి హాస్టల్లో ఫలానా ఇబ్బంది ఉందని ఎక్కడా లేదు. ఆ కుర్రాడి సంగతి మాత్రం ఒక పేజీ ఉంది. అంటే మిమ్మల్ని విశాఖ వైపు తరుముతున్నది బాబు చదువు కాదు, ఆఫీసులో అవుతున్న చిన్నతనం. తప్పేం లేదు, ఎవరికైనా బాధే. కాకపోతే విశాఖ ఆఫీసులో కంప్యూటర్ ఉండదా? అక్కడా అవే ఫైళ్లు, అదే స్క్రీను. పైగా అక్కడ మిమ్మల్ని ‘అపా’ అని పిలిచి తప్పు దిద్దేవాళ్లు కూడా ఉండరు.

ఇది తొందరపడే విషయం ఎందుకు కాదో చెబుతాను. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను రెండు చేయాలని నిర్ణయించింది. ఒక భాగం విశాఖపట్నం డివిజన్ పేరుతో దక్షిణ కోస్తా రైల్వే జోన్‌లోకి వెళ్తుంది. కొత్తవలస–బచేలి, కూనేరు–తెరుబలి, సింగాపూర్ రోడ్–కోరాపుట్, పర్లాకిమిడి–గుణుపురం లైన్లు, మొత్తం సుమారు 680 కిలోమీటర్లు, రాయగడ డివిజన్‌గా తూర్పు కోస్తా రైల్వే జోన్‌లోనే ఉంటాయి. అంటే ఇప్పటిదాకా ఒకే డివిజన్‌లో ఉన్న రాయగడ, విశాఖ ఇకపై రెండు వేర్వేరు జోన్లలో ఉంటాయి. ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కు సొంత కోరిక మీద బదిలీ పెట్టుకుంటే సీనియారిటీ జాబితాలో అట్టడుక్కి చేరతారు. 17 ఏళ్ల సీనియారిటీని ఒక కుర్రాడి మీద కోపంతో వదులుకుంటారా? పాలనా అవసరం కింద ఆప్షన్ అడిగితే షరతులు వేరుగా ఉండొచ్చు. అందుకే సంతకమున్న ఉత్తర్వు చేతికొచ్చాక సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ బ్రాంచికి వెళ్లి ‘నా సీనియారిటీ, నా ప్రమోషన్ ఏమవుతాయి’ అని అడగండి. వాట్సాప్‌లో తిరిగే సర్క్యులర్లను నేనైతే చదవను కూడా.

వీఆర్‌ఎస్ మాట అసలే వద్దు. మామూలుగా దానికి 20 ఏళ్ల సర్వీసు ఉండాలి. మీకు అంత లేదు. మీ వారికి ఈ సంగతి తెలియక అని ఉంటారు. అది మీకు ఎత్తిపొడుపులా వినిపించింది. నాకు మాత్రం ఆయన భయపడుతున్నట్టు అనిపించింది. మందుల షాపు అంటే అరువు ఖాతాలు, పల్లెల నుంచి నమ్మకంతో వచ్చే జనం. వేరే ఊళ్లో ఆయన మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ‘షాపు మూయమని అడగడం లేదు, నేను ఆఫీసులో ఏం పడుతున్నానో ఒక్కసారి వినండి’ అని చెప్పి చూడండి. షాపు కట్టేసి ఆకలితో వచ్చిన వేళ కాకుండా ఆదివారం మధ్యాహ్నం అయితే మేలు.

ఇక ఆ కుర్రాడు. ‘బాబూ, అందరి ముందూ వద్దు, భోజనాలయ్యాక అరగంట నా పక్కన కూర్చుని చూపించు’ అని నోరు తెరిచి అడగండి. చాలామంది ఇలాంటి పిల్లలకు తాము అవమానిస్తున్నామన్న ఊహే ఉండదు. అతను చెప్పిన ప్రతి మెట్టూ ఒక నోట్‌బుక్కులో తెలుగులో రాసుకోండి. అదే పని మర్నాడు అతను లేకుండా మీరే చేయండి. బదులుగా మీరు ఇవ్వగలిగింది కూడా తక్కువేం కాదు. కొత్త డివిజన్ ఆఫీసులో చాలామంది కొత్తవాళ్లే ఉంటారు. ఎవరి సర్వీసు రిజిస్టర్లో ఏ ఎంట్రీ మిగిలిపోయింది, రిటైరైనవాళ్లకు రావాల్సిన డబ్బుల సెటిల్‌మెంట్ కేసు ఏది ఎందుకు ఆగింది, ఇవన్నీ మీకు నోటికి వచ్చు. ఆ కుర్రాడికి తెలియవు. ఆ సంగతి మీ పై అధికారి దృష్టికి తేవాల్సింది మీరే, ఇంకెవరూ తేరు.

ఒడియా రాయడం రాదన్న బెంగ వదిలేయండి. రైల్వే ఆఫీసులో ఫైలు నడిచేది ఇంగ్లీషులో, హిందీలో. నేర్చుకోవాలనుంటే హిందీ మీద దృష్టి పెట్టండి. ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ అనే హిందీ శిక్షణలు ఉద్యోగులకు ఉచితమే. మీ హోదాకు నిర్ణయించిన పరీక్ష పాసైతే ఒక ఇంక్రిమెంటుకు సమానమైన మొత్తం ఏడాది పాటు ఇస్తారు. ప్రభుత్వ ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ వేదిక ఐగాట్ కర్మయోగిలోని కోర్సులు ఇంట్లో ఫోన్లోనే చూసుకోవచ్చు. డిపార్ట్‌మెంటల్ పరీక్షకు అర్హత ఉందో లేదో కూడా ఈ నెలలోనే కనుక్కోండి. 44 ఏళ్లంటే రిటైర్మెంటుకు ఇంకా 16 ఏళ్లున్నాయి.

నిద్ర విషయం చిన్నగా తీసుకోవద్దు. షాపు మనదే కదా అని డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్ర మాత్రం వేసుకోకండి. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే రైల్వే డాక్టరుకు చూపించుకోండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఆప్షన్ కాగితం నిజంగా వస్తే జవాబు రాసే ముందు బాబుకి ఫోన్ చేసి ‘అమ్మ అక్కడికి వస్తే నీకు బాగుంటుందా’ అని అడగండి. హాస్టలే బాగుందంటే మాత్రం బాధపడకండి, ఆ వయసు పిల్లలు అలాగే అంటారు.