శరణ్యమా, శరణ్యుడా?

సందేహం: ప్రార్థనల్లో ‘బీదలకు శరణ్యమైన దేవా’ అంటుంటాం. అది తప్పు, ‘శరణ్యుడవైన’ అనాలని మా సంఘంలో ఒకరి వాదన. ‘శరణమైన’ అంటే చాలదా? ఇంకొకటి. యెషయా గ్రంథంలో ‘దరిద్రులకు’ అని ఉంది. బైబిలులో అంత మాట ఎందుకు వాడారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: రెండో ప్రశ్నే ముందు తీసుకుంటాను, నాకు ఇష్టమైనది కాబట్టి.

‘అంత మాట’ అన్నారు. తప్పు మీది కాదులెండి. సినిమా బాగోకపోతే దరిద్రం, ఫోన్ కలవకపోతే దరిద్రం! లేనివాడి పేరును మనమే తిట్టుగా మార్చుకుని, గ్రంథంలో కనబడేసరికి ఉలిక్కిపడుతున్నాం.

సంస్కృత ధాతువుల (క్రియామూలాల) పట్టిక ధాతుపాఠం ‘దరిద్రా దుర్గతౌ’ అంటుంది, అంటే దుర్గతిలో ఉండడమని. అయితే దీని లోపల ‘ద్రా’ అనే ధాతువు ఉందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ద్రా అంటే పరుగెత్తడం. దాన్ని రెట్టిస్తే దరిద్రా: అటూ ఇటూ అదేపనిగా పరుగులు పెట్టడం. అంటే దరిద్రుడు మొదట డబ్బు లేనివాడు కాడు, కాలు నిలవనివాడు. పని కోసం ఒక గుమ్మం, అప్పు కోసం ఇంకో గుమ్మం, గడువు అడగడానికి మళ్లీ మొదటి గుమ్మం.

ఇప్పుడు ‘శరణం’ చూడండి. ‘శరణం గృహరక్షిత్రోః’ అన్నాడు అమరకోశమనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు. కాపాడేవాడే కాదు, ఇల్లు కూడా శరణమే. ఈ రెండూ మనసులో పెట్టుకుని యెషయా 25:4 చదవండి. బీదలకు, దరిద్రులకు దేవుడు ‘శరణ్యము’; ఆ వెంటనే ‘గాలివాన తగులకుండ ఆశ్రయముగాను వెట్ట తగులకుండ నీడగాను’. వాన, ఎండ, నీడ, అన్నీ ఇంటి సంగతులే. హీబ్రూలో శరణ్యమున్న చోట ఉన్న మాట ‘మాఓజ్’, అంటే కోట. పరుగెత్తి అలసినవాడు కోటను ఏం చేసుకుంటాడు? తెలుగులో ఆ కోట ఇల్లయింది. నాకు మూలం కన్నా ఇదే దగ్గరగా అనిపిస్తుంది, హీబ్రూ పండితులు కోప్పడితే కోప్పడనీ. కోట కావాలంటే 46వ కీర్తనలో ‘దుర్గము’ ఉండనే ఉంది.

‘దీనుడు’ వేరు. ‘దీ’ ధాతువుకు క్షీణించడమని అర్థం. ‘మన్నింపందగున్ దీనునిన్’ అని పోతన గజేంద్రుడు మొరపెట్టుకున్నాడు. ఏనుగుల రాజుకు లేమి ఎక్కడిది? తరిగింది బలం. మత్తయి 5:3లో ‘దీనులు’, లూకా 6:20లో ‘బీదలు’ అని ఉంటుంది. గ్రీకులో రెండుచోట్లా ‘ప్తోఖోయ్’ అనే మాటే. మత్తయిలో ‘ఆత్మవిషయమై’ అని ఉంది కనుక అక్కడ దీనులే సరి.

ఇక మీ సంఘంలో తగువు. శరణమివ్వడానికి తగినవాడు శరణ్యుడు. ‘శరణ్యే త్ర్యంబకే’ అన్నప్పుడు అది అమ్మవారికి విశేషణం. ఆ లెక్కన మీతో వాదించినవారిదే పైచేయి. కానీ ‘శరణ్యం’ నపుంసకంలో ఆశ్రయమనే అర్థంతోనూ ఉంది. పైగా ‘నాకు దిక్కు నీవే’ అంటాం గానీ దేవుడు పురుషుడు కదా అని ‘దిక్కుడవు నీవే’ అనం! శరణమన్నా తప్పు లేదు, కాకపోతే అందులో ‘తగినవాడు’ అనే వన్నె పోతుంది. నన్నడిగితే పిలిచేటప్పుడు ‘శరణ్యుడా’, చెప్పేటప్పుడు ‘శరణ్యము’ బాగుంటాయి. ఇది శాసనం కాదు. ప్రార్థన మధ్యలో ఎవరినీ ఆపి దిద్దకండి.

దిద్దాల్సింది పత్రికలవాళ్లను. ‘ఆపరేషనే శరణ్యం’, ‘రాజీనామాయే శరణ్యం’ అని హెడ్డింగులు పెడుతున్నారు. కత్తి కింద పడుకోవడం శరణ్యమేమిటండీ? ‘గత్యంతరం లేదు’ అని రాయడానికి బద్ధకం, అంతే.