90 ఫ్యాక్టోరియల్‌కు కాలిక్యులేటర్ చేతులెత్తేస్తోంది!

ప్రశ్న: 90 మందిలో నలుగురిని ఎన్ని విధాలుగా ఎంపిక చేయవచ్చో లెక్కించాలి. నా సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో 90! (90 ఫ్యాక్టోరియల్, అంటే 1 నుంచి 90 దాకా అన్ని సంఖ్యల లబ్ధం) నొక్కగానే ‘మ్యాథ్ ఎర్రర్’ అంటోంది. పాడైందా? కొత్తది కొనాలా?

జవాబు: డబ్బులు దాచుకోండి, అది భేషుగ్గా ఉంది. ఇలాంటి కాలిక్యులేటర్లు చాలావరకు వంద అంకెల సంఖ్య దాకానే పట్టుకోగలవు. 69!లో 99 అంకెలుంటాయి, 70!లో 101. అందుకే 69 దాటితే మొరాయిస్తాయి. మీరు అడిగిన 90!లో ఏకంగా 139 అంకెలు! తీరా మీకు కావలసిన జవాబు ఏడంకెలదే. సూత్రం 90!/(86!×4!) కదా, కింద ఉన్న 86!తో ఎలాగూ కొట్టివేతకు పోయే అంకెల కోసం పాపం దాన్నెందుకు సతాయించడం?

మిగిలేది 90×89×88×87, దాని కింద 1×2×3×4. ఒక గుణకారం, ఒక భాగహారం చొప్పున చేసుకుంటూ వెళ్లండి. 90ని 89తో గుణించి 2తో భాగిస్తే 4005. దాన్ని 88తో గుణించి 3తో భాగిస్తే 1,17,480. మళ్లీ 87తో గుణించి 4తో భాగిస్తే 25,55,190. అంతే! ఏ మెట్టు దగ్గరా దశాంశం రాదు, ఎందుకంటే ప్రతి మెట్టూ ఒక సంయోగమే: 4005 అంటే 90 మందిలో ఇద్దరిని ఎంచుకునే విధాలు. అయితే ముందు గుణించి, తర్వాతే భాగించాలి. 88ని ముందే 3తో భాగిస్తే దశాంశాల పేచీ మొదలవుతుంది. ఒకవేళ 86 మందిని ఎంచుకోమన్నా ఇదే జవాబు. 86 మెట్లు ఎక్కకండి, మిగిలే నలుగురిని లెక్కపెట్టండి.

ఇంతకీ మీ కాలిక్యులేటర్‌లో ఎంపిక విధాలను నేరుగా లెక్కించే ‘ఎన్‌సీఆర్’ (nCr) మీట ఉందేమో చూశారా? క్యాసియో ఈఎస్ మోడళ్లలో అది భాగహారం మీట పైన ఉంటుంది. 90, షిఫ్ట్, భాగహారం, 4 అని వరసగా నొక్కితే చాలు.

200లో 100 లాంటివైతే ఆ మీట కూడా తెల్లమొహం వేయవచ్చు. అప్పుడు ఎక్సెల్ తెరవండి. దాని ఫ్యాక్టోరియల్ కూడా 170 దగ్గరే ఆగిపోతుంది గానీ, ‘కాంబిన్’ ఫంక్షన్‌లో 200, 100 ఇస్తే సుమారు 9.05×10^58 అని చెప్పేస్తుంది. ఇక్కడ సరిగ్గా ఉండేవి మొదటి 15 అంకెలే. మొత్తం 59 అంకెలూ కావాలంటే ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 3.8 లేదా ఆ తర్వాతి వెర్షన్‌లో మ్యాథ్ మాడ్యూల్‌లోని ‘కాంబ్’ వాడండి.