సైన్స్ సంఘంలో పదవి ఇస్తామంటున్నారు, అమ్మాయిని ఒప్పుకోమనాలా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. మా అమ్మాయి ఒంగోలులో హాస్టల్లో ఉండి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఏడాదిగా ఒక సైన్స్ సంఘం వాళ్లతో కలిసి బడులకు వెళ్లి పిల్లలకు ప్రయోగాలు చూపిస్తోంది. ఇప్పుడు జిల్లా కార్యవర్గంలో సహాయ కార్యదర్శిగా ఉండమంటున్నారు. చెక్కుల మీద సంతకాలు కూడా పెట్టాలట. అసలు ఈ సంఘాలను ఎవరు నడుపుతారు? డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎమ్మెస్సీ సీటుకో ఉద్యోగానికో ఇది పనికొస్తుందా? రేపు ఏదైనా తేడా వస్తే మా పిల్ల మెడకు చుట్టుకోదు కదా? వాళ్లమ్మకు ఒకటే టెన్షన్.

జవాబు: అయ్యా, మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న చివరిది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. చుట్టుకోవచ్చు. నాకు చుట్టుకుంది.

నెల్లూరులో డిగ్రీ చదివే రోజుల్లో నేనూ ఒక చిన్న సంఘానికి సహాయ కార్యదర్శిని. దాని పేరెందుకులెండి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు కావాలి, ఒకటి కోశాధికారిది, రెండోది నాది. ఆయనది ఊళ్లు తిరిగే ఉద్యోగం. ‘ప్రతిసారీ నిన్నెక్కడ వెతుక్కునేది అబ్బాయ్, ఓ పది చెక్కుల మీద పెట్టేసి పో’ అన్నారు. పెద్దాయన కదా అని పెట్టేశాను. ఏడాది చివర లెక్క చూస్తే సైన్స్ ఎగ్జిబిషన్‌కి వేసిన షామియానా డబ్బుకు బిల్లు లేదు. ఆయన ఒక్క రూపాయి తినలేదని ఇప్పటికీ నా నమ్మకం. కానీ చెక్కు మీద సంతకం నాది, సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి సమాధానం చెప్పాల్సిందీ నేనే. సైకిలేసుకుని షామియానా కొట్టు చుట్టూ మూడుసార్లు తిరిగితే గానీ రసీదు చేతికి రాలేదు.

అందుకని మీ అమ్మాయిని వద్దనమని చెప్పను. ఖాళీ చెక్కు మీద మాత్రం సంతకం పెట్టొద్దనండి. అడిగినవాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే.

ఇక ఈ సంఘాలు ఎలా నడుస్తాయో చెబుతాను. మన రాష్ట్రంలో ఇలాంటివి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదవుతాయి. ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టుకోవచ్చు. పెట్టేటప్పుడు రెండు కాగితాలు రాసిస్తారు. మెమొరాండంలో ఈ సంఘం ఎందుకు పెట్టామన్నది ఉంటుంది. బైలాస్‌లో ఎవరు సభ్యులు, చందా ఎంత, ఎన్నికలు ఎన్నేళ్లకోసారి, సమావేశానికి కోరం ఎంత (అంటే కనీసం ఎంతమంది ఉండాలి), చెక్కు మీద ఎవరెవరు సంతకం పెట్టాలి, ఇవన్నీ ఉంటాయి. యజమాని అంటూ ఎవరూ ఉండరు. సర్వసభ్య సమావేశమే పెద్ద. అది ఎన్నుకున్న కార్యవర్గం, అంటే అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి, మిగతా సభ్యులు, రోజువారీ పని చూస్తారు. డబ్బు మిగిలినా సభ్యులు పంచుకోకూడదు. ఏటా కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కి పంపాలి. చాలా సంఘాలు జారిపోయేది ఇక్కడే. ప్రయోగాలు బ్రహ్మాండంగా చేస్తారు, ఈ కాగితం మాత్రం ఏళ్ల తరబడి పంపరు. ఆఖరికి రిజిస్ట్రార్ రికార్డులో ఎప్పుడో చనిపోయిన అధ్యక్షుడి పేరే కనిపిస్తుంది.

మీరు అడగాల్సిన ముఖ్యమైన మాట ఇంకొకటుంది. జిల్లా సంఘం విడిగా రిజిస్టర్ అయ్యిందా, లేక రాష్ట్ర సంఘానికి శాఖా? శాఖ అయితే పాన్ నంబరు, బ్యాంకు ఖాతా, ఆడిట్ అన్నీ పైసంఘం పేరు మీద ఉంటాయి. జిల్లా వాళ్లు తమ జమాఖర్చులు పైకి పంపి అక్కడి లెక్కల్లో కలపాలి. విడిగా రిజిస్టర్ అయితే ఆ బరువంతా ఇక్కడి కార్యవర్గం మీదే, అంటే మీ అమ్మాయి మీద కూడా. డబ్బు సంగతికొస్తే సభ్యత్వ రుసుములు, విరాళాలు, పుస్తకాల అమ్మకం, టాలెంట్ టెస్టుల ఫీజులు, అప్పుడప్పుడు ఏదో ప్రాజెక్టుకి వచ్చే ప్రభుత్వ గ్రాంటు. చాలావరకు చిన్న మొత్తాలే. చిన్నవి కదా అని లెక్క రాయకపోవడంతోనే గొడవలు మొదలవుతాయి.

కాబట్టి ఒప్పుకునే ముందు మినిట్స్ పుస్తకం, అంటే సమావేశాల్లో ఏం అనుకున్నారో రాసిపెట్టేది, చూపించమనండి. నేను మొదట చూసేది అదే. పేజీలకు నంబర్లు ఉన్నాయా? ఒక సమావేశం మినిట్స్ అయ్యాక సంతకాల కింద గీత కొట్టారా, లేక అర పేజీ ఖాళీ వదిలారా? ఖాళీ వదిలారంటే తర్వాత ఒక తీర్మానం ఇరికించడానికి చోటు ఉంచుకున్నట్టే. హాజరైనవాళ్ల సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుగా ఉంటే నవ్వుకుని బయటకొచ్చేయండి. పోయిన ఏడాది ఆడిట్ రిపోర్టు కూడా అడగాలి. ‘మన పిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ’ అన్నారంటే జవాబు దొరికేసినట్టే. సరిగా నడిచే సంఘమైతే అడిగినందుకు సంతోషించి పుస్తకాలు ముందు పెడుతుంది.

సైన్స్ సంఘం అన్న పేరు వినగానే అన్నీ ఒకటే అనుకుంటారు, పిల్లలు బయోడేటాలో కూడా అలాగే కలిపేస్తారు. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక లాంటివి ప్రజా సంఘాలు. టీచరు, డాక్టరు, రైతు, విద్యార్థి, ఎవరైనా చేరొచ్చు. జిల్లా శాఖలు, వాటిపైన రాష్ట్ర కమిటీ, దేశవ్యాప్తంగా ఇలాంటి సంఘాలన్నిటినీ కలిపే నెట్‌వర్క్ ఒకటి. భౌతికశాస్త్ర అధ్యాపకుల సంఘం ఐఏపీటీది ఇంకో తీరు. 1984లో పెట్టారు, ప్రాంతీయ మండళ్లుగా పనిచేస్తుంది, సైన్స్ ఒలింపియాడ్ పోటీల దారిలో మొదటి మెట్టు పరీక్షలు పెట్టేది వీళ్లే. అకాడమీలు పూర్తిగా వేరు. సి.వి. రామన్ 1934లో బెంగళూరులో పెట్టిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కూడా కాగితం మీద ఒక సొసైటీయే. దానికీ ఎన్నికైన కౌన్సిల్ ఉంది. కానీ రుసుము కట్టి అందులో ఫెలో, అంటే అకాడమీ సభ్యులు, కాలేరు. అప్పటికే ఫెలోలైనవాళ్లు పేరు ప్రతిపాదించి ఎన్నుకోవాలి. ఎవరైనా ‘ఇంత కట్టండి, మీ పాపను అకాడమీ ఫెలోని చేస్తాం’ అని మెయిల్ పెడితే డిలీట్ కొట్టండి.

ఇక సీటు సంగతి. ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్‌లో ర్యాంకు ర్యాంకే, ఈ పదవికి అందులో అర మార్కు కూడా కలవదు. అక్కడ ఆశ పెట్టుకోవద్దు. పనికొచ్చేది వేరే చోట. ఇండియన్ అకాడమీ మరో రెండు జాతీయ అకాడమీలతో కలిసి డిగ్రీ పిల్లలకు ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తుంది. ఎంపికైతే దాదాపు రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని. దరఖాస్తులో ఏం చేయాలనుకుంటున్నావో నీ మాటల్లో రాయమంటారు, అధ్యాపకుల సిఫారసు లేఖ అడుగుతారు. సర్టిఫికెట్లు తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేని పిల్లలు తడబడేది ఆ రాతలోనే.

మీ అమ్మాయికి రాయడానికి కావలసినంత ఉంది. మీది ఫ్లోరైడ్ ఊరు, నేను చెప్పాలా? తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు అని మన జాతీయ ప్రమాణం. నీళ్లు పరీక్షించే కిట్‌లో ఎర్రని రంగు ద్రావణం ఉంటుంది. బోరు నీళ్లలో రెండు చుక్కలు వేస్తే ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు విరిగి పసుపులోకి తిరుగుతుంది. ఆ ద్రావణంలోని జిర్కోనియం అనే లోహం ఆ రంగును వదిలి ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది కాబట్టి. ఇది ఆమె చదివే కెమిస్ట్రీయే. సంఘం వాళ్లతో కలిసి నాలుగు పల్లెల బోర్లు వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి పరీక్షించి పట్టిక రాసిందనుకోండి, ఏ సైంటిస్టయినా ఆ దరఖాస్తును రెండోసారి చదువుతాడు.

ఇలాంటి సంఘాలతో ఏమవుతుందిలే అని తీసిపారేయకండి కూడా. 1990ల మొదట్లో మా నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత పనిలో జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగారు. రాత్రి బడుల్లో ఆడవాళ్లు కూడారు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అదంతా ఒక్క సంఘం గొప్ప అనను, నడిపింది ఆ ఆడవాళ్లే. కానీ కూడే చోటు ఒకటి ఎవరో ముందే సిద్ధం చేసి ఉంచారు కదా.

తల్లీ, ఇక నీతో రెండు మాటలు. సహాయ కార్యదర్శి పదవి తీసుకో, చెక్కు సంతకం మాత్రం మొదటి ఏడాది వద్దని చెప్పు. అందుకు తీర్మానం చేసి వేరొకరిని పెట్టుకోవచ్చు, అది వాళ్లకు పెద్ద పని కాదు. బదులుగా మినిట్స్ నేను రాస్తానను. పదిమంది రెండు గంటలు వాదించుకున్నదాన్ని అర పేజీలో ఎవరినీ నొప్పించకుండా రాయడం ఏ డిగ్రీలోనూ నేర్పరు. నేను ఇప్పుడు చేసే ఉద్యోగంలో సగం పని అదే. సెమిస్టర్ పరీక్షలకు ముందు నెల రోజులు ఏ కార్యక్రమానికీ రానని ఇప్పుడే చెప్పేయ్, మొహమాటపడకు.

మీరు కూడా ఈసారి జిల్లా సమావేశానికి అమ్మాయితో పాటు వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి, వాళ్లమ్మను కూడా తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు మీ ఇంటి బోరు నీళ్లు ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టుకెళ్లండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ లెక్క తేడా వస్తుంది.