ఈ-వ్యాపారమా, ఈ-వాణిజ్యమా?

సందేహం: విశ్వవిద్యాలయంలో డిజిటల్ వ్యాపార వ్యూహం, ఈ-కామర్స్ సాంకేతికత ప్రధానాంశాలుగా పీజీ చదువుతున్నాను. తెలుగులో వ్యాసం రాస్తూ ఈ-కామర్స్‌ను ఒకచోట ‘ఈ-వ్యాపారం’ అనీ, మరొకచోట ‘ఈ-వాణిజ్యం’ అనీ రాశాను. రెండూ ఒకటేనా? నేను చదివి వినిపిస్తుంటే మా స్నేహితురాలు ‘ఈ వాణిజ్యం అంటే ఏ వాణిజ్యం?’ అని అడిగింది. ఏమని చెప్పాలి?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: ఒకటి కావు. వ్యాపార శబ్దానికి మూలంలో సరుకులతో సంబంధమే లేదు. ‘వి’, ‘ఆ’ అనే ఉపసర్గలు చేరిన ‘పృ’ ధాతువు నుండి వచ్చిన ఆ మాటకు పనిలో నిమగ్నమై ఉండటమని అర్థం. మనోవ్యాపారం, ఇంద్రియవ్యాపారం అనే మాటల్లో ఆ అర్థం నేటికీ నిలిచి ఉంది. ధాతువుకు ఫలమూ వ్యాపారమూ అర్థాలని వైయాకరణులు చెబుతారు. ‘వండు’ అనే ధాతువునే తీసుకుంటే, పొయ్యి రాజేయడం మొదలు గంజి వార్చడం దాకా వండేవాడు చేసే పనులన్నీ వ్యాపారం, బియ్యం మెత్తబడటం ఫలం. వాణిజ్యం అలాంటిది కాదు. అది వణిజుడు, అంటే వర్తకుడు, చేసే పని. కృషి, గోరక్షణలతో పాటు దానిని గీత పేర్కొన్నది ఆ అర్థంలోనే.

వాణిజ్యమంటే ఏమిటో నిఘంటువు కంటె శ్రీనాథుడు బాగా చెబుతాడు. సుగంధద్రవ్యాల వర్తకుడైన అవచి తిప్పయ సెట్టికి అంకితమిచ్చిన హరవిలాసం అవతారికలో, ఆ వంశంవారి సరుకును వర్ణించే సీసపద్యం ఒకటుంది. పంజారం నుండి కర్పూరపు చెట్లు, జలనోంగి నుండి బంగారు మొలక, సింహళం నుండి మదపుటేనుగులు, హురుమంజి నుండి మేలుజాతి గుర్రాలు, గోవ నుండి సంకుమదమనే సుగంధద్రవ్యం, ఆంప నుండి ముత్యాలు, భోటం నుండి కస్తూరి, చీనా నుండి పట్టుబట్టలు. పేర్కొన్న ఊళ్లూ దేశాలూ ఎనిమిది, ప్రతి సరుకు వెంటా ‘తెచ్చి’ అనే ఒకే క్రియ. లాభమెంతో, ధర ఎంతో కవి చెప్పడు. ఎక్కడో ఉన్న వస్తువును కోరినవారి ముంగిటికి తేవడమే ఆ వర్తకుని ఘనతగా చూశాడు. కవిసార్వభౌముడు ‘తెచ్చి’ అన్న రెండక్షరాలను ఎనిమిది మార్లు పలికించి ఒక వృత్తి స్వరూపాన్ని కళ్లముందు నిలిపిన ఆ పద్యాన్ని, మీ శాస్త్రం చదివేవారు కంఠస్థం చేయాలని నా కోరిక.

ఈ-కామర్స్ చేస్తున్నదీ ఆ తేవడమే కనుక దానికి వాణిజ్యమన్న మాటే తగింది. సంస్థ తన కొనుగోళ్లు, గిడ్డంగులు, లెక్కలు, ఉద్యోగుల వ్యవహారాలు అన్నిటినీ డిజిటల్ పద్ధతిలోకి మార్చుకుంటే అది ఈ-బిజినెస్. 1997లో ఐబీఎం ప్రచారంలోకి తెచ్చిన మాట అది. దానికి వ్యాపారమే సరి. మీ పాఠ్యపుస్తకాలు పాటించే భేదం మన మాటల్లో ముందే ఉంది. అయితే ‘బట్టల వ్యాపారం’ అని జనం తరతరాలుగా అంటున్నారు. దానిని తప్పనే సాహసం నేను చేయను. నేను సహించలేనిది పత్రికల ‘వ్యాపారవేత్త’. వేత్త అంటే ఎరిగినవాడు. వ్యాపారం చేసేవాడు వ్యాపారి. ఆ చక్కని మాట ఉండగా లేని పాండిత్యం అంటగట్టడం ఎందుకు? ‘కొన్నారు’ అంటే సరిపోయే చోట ‘కొనుగోలు చేశారు’ అనడమూ ఈ కోవలోదే.

మీ స్నేహితురాలు అడిగింది న్యాయమే. ఇంగ్లీషు ‘ఈ’ ఎలక్ట్రానిక్ అన్న మాటకు పొట్టి రూపం. మన ‘ఈ’ మాత్రం ఆ, ఈ, ఏ అనే త్రికంలోది, ఇక్కాలము, ఇవ్విధము అని ద్విత్వం తెచ్చుకునే సర్వనామం. మధ్య గీత కంటికి కనబడుతుంది గాని చెవికి వినబడదు. ‘ఈ-కామర్స్’ అని మొత్తం అరువు మాటగా ఉంచితే చిక్కు లేదు. తెలుగు చేయదలిస్తే ‘అంతర్జాల వాణిజ్యం’ అనండి. మొబైల్ యాప్‌లో జరిగేది కూడా దీని కిందికి వస్తుందా అంటే, వస్తుందనే అనుకుంటాను.

ఇక మీ ప్రధానాంశంలోని ‘వ్యూహం’ అన్న మాటకు మొదటి అర్థం సేనను నిలిపే తీరు. స్ట్రాటజీకి అది చెల్లుతుంది.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు అమ్మేవారినీ కొనేవారినీ కలిపే సంస్థలనూ, తన సొంత సరుకును నేరుగా అమ్మే సంస్థలనూ వేరు చేశాయి. వీటిని ‘మార్కెట్‌ప్లేస్ నమూనా’, ‘ఇన్వెంటరీ నమూనా’ అని మీ వ్యాసంలో రాశారు. మొదటిది సంత, రెండవది కొట్టు. సంతలో చోటు ఇచ్చినవాడు ఆశీలు వసూలు చేస్తాడు, సరుకు అతనిది కాదు. కొట్టులో సరుకు కొట్టువాడిదే. ‘సంత పద్ధతి’, ‘కొట్టు పద్ధతి’ అని రాసి చూడండి. మీ ఆచార్యులు ఒప్పుకోకపోతే, మొదటిసారి వచ్చినచోట వారి మాటను కూడా పక్కన చేర్చండి.