బోట్ మధ్యలో ఆగిపోతోందా? ముందు గ్యాస్‌ని (పెట్రోల్‌ని) గాజు సీసాలో పోసి చూడండి

సందేహం: అన్నా, అట్లాంటా దగ్గర కమ్మింగ్‌కి వచ్చి ఏడాదైంది. నేనూ నా ఫ్రెండూ కలిసి ఔట్‌బోర్డ్ ఇంజిన్ (వెనక బయటివైపు తగిలించేది) ఉన్న పాత బోట్ కొన్నాం. లేక్ లేనియర్‌లో పది నిమిషాలు బాగానే నడుస్తుంది. స్పీడ్ పెంచగానే దగ్గినట్టు కొట్టుకుని ఆగిపోతుంది. ఇంజిన్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ఇంజిన్ జోలికి అప్పుడే వెళ్లకండి. మీరు చెప్పిన తీరు చూస్తే గ్యాస్ ట్యాంకులో నీళ్లు చేరాయేమోనని నా మొదటి అనుమానం. నా బోట్ కూడా సరిగ్గా ఇలాగే సతాయించింది. ముందు స్పార్క్ ప్లగ్గులు మార్పించాను, తర్వాత ఫ్యూయల్ పంప్ మార్పించాను. అసలు దోషం ట్యాంకు మూత కింద పగిలిపోయిన రబ్బరు రింగుది. వాన పడ్డప్పుడల్లా అక్కడ నిలిచిన నీళ్లు లోపలికి దిగుతున్నాయి.

మన ఊళ్లో రేషన్ కిరోసిన్ పోస్తే పంపు స్టవ్ చిటపటలాడేది గుర్తుందా? అమ్మ ఆ కిరోసిన్‌ని గాజు సీసాలో పోసి వెలుతురుకి ఎత్తి పట్టేది. అడుగున నీళ్లు వేరుగా కనపడేవి. ఇక్కడా అదే పరీక్ష. ఇంజిన్, బ్యాటరీ స్విచ్ ఆపేసి, ఆరుబయట, నిప్పు దరిదాపుల్లో లేకుండా, గ్యాస్‌లో నీటిని వేరు చేసే ఫిల్టర్‌ని విప్పండి. అందులో ఉన్నదంతా శుభ్రమైన గాజు సీసాలో పోసి, ఓ అరగంట కదపకుండా ఉంచండి. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారే, అక్షరాలా అలాగే నీళ్లుంటే అడుగున గీత గీసినట్టు వేరే పొర కనపడుతుంది. పొర లేకపోయినా గ్యాస్ మసకగా ఉంటే అనుమానించాల్సిందే. ఫిల్టర్‌తో ఆగకుండా, ట్రైలర్ మీద బోట్ ముందు భాగం కాస్త ఎత్తి, ట్యాంకు వెనక అడుగు నుంచి కూడా కొంచెం లాగి చూడండి. నీళ్లు చేరేది అక్కడే, చాలా బోట్లలో ఇంజిన్‌కి గ్యాస్ లాగే గొట్టం ఉండేదీ అక్కడే.

మన ఊళ్లో కిరోసిన్‌కి లేని చిక్కు ఇక్కడి గ్యాస్‌కి ఒకటుంది. బంకుల్లో ఎక్కువగా దొరికేది 10 శాతం ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిపింది. ఇథనాల్ కొంతవరకు నీటిని తనలో కలుపుకుంటుంది. నీళ్లు సుమారు అర శాతం దాటితే ఇక మోయలేక, నీటితో కలిసి అడుక్కి దిగిపోతుంది. 40 గ్యాలన్ల ట్యాంకుకి ముప్పావు లీటరు నీళ్లు చాలు. అప్పుడు పైన మిగిలిన గ్యాస్‌కి ఆక్టేన్ (ఇంజిన్‌లో కొట్టుకోకుండా మండే గుణం) కూడా తగ్గిపోతుంది. ఆ స్థితికి వచ్చాక గ్యాస్‌లో కలపమని అమ్మే ఏ ద్రావణం పోసినా మళ్లీ కలవదు, డబ్బు దండగ. ట్యాంకు మొత్తం ఖాళీ చేయించాల్సిందే. తీసిన గ్యాస్‌ని కౌంటీవాళ్ల ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి. దయచేసి నేల మీదా, డ్రెయిన్‌లోనూ పోయకండి. మన చుట్టుపక్కల ఎన్నో ఇళ్ల కుళాయిల్లో వచ్చేవి లేనియర్ నీళ్లే.

ట్యాంకు కడిగించినంత మాత్రాన పని అయిపోదు, నీళ్లు ఎటు నుంచి వచ్చాయో పట్టుకోవాలి. మూత రబ్బరు రింగు, ట్యాంకులోకి వెళ్లే పైపులో పగుళ్లు, పక్కన ఉండే గాలి రంధ్రం, ఈ మూడూ చూడండి. బోట్ కడిగేటప్పుడు నీళ్ల పైపు ఆ రంధ్రం వైపు తిప్పకండి. కొత్త ఫిల్టర్ 10 మైక్రాన్‌ది (అంత సన్నటి రంధ్రాలున్నది) వేయండి, ఇంకోటి బోట్‌లో ఎప్పుడూ ఉంచుకోండి.

ఇంకో మాట. చవకని 88 అని రాసి ఉండే గ్యాస్ పోయకండి. అది 15 శాతం ఇథనాల్‌ది, ఇక్కడి చట్టం ప్రకారం బోట్లలో వాడకూడదు. మెరీనాల్లో (బోట్లు నిలిపే రేవుల్లో) ఇథనాల్ లేనిది దొరికితే, ధర ఎక్కువైనా నేను అదే పోస్తాను.

అన్నీ అయ్యాక మీ ఇద్దరే, బోట్‌ని నీళ్లలోకి దింపే ర్యాంప్ దగ్గర్లో ఓ అరగంట తిప్పండి. ఒడ్డుకొచ్చి ఫిల్టర్‌లోది మళ్లీ సీసాలో పోసి చూడండి. అడుగున ఆ గీత లేకపోతే, అప్పుడు ఇంట్లోవాళ్లని, పిల్లల్ని ఎక్కించుకోండి.