దయ్యం కంటే ముందు ఆవిడ ముఖం

అమ్మలూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1961 నాటి నలుపు తెలుపు సినిమా మీద, అదీ 'ది ఇన్నోసెంట్స్' మీద, నువ్వు కూర్చుని నాలుగు పేజీలు రాశావంటేనే నాకు సంతోషం వేసింది. ఆ సంతోషంలో "బాగుంది" అనేసి ఊరుకుందామనుకున్నాను. కానీ "మొహమాటం లేకుండా చెప్పండి పెదనాన్నా" అని అడిగావు కాబట్టి చెబుతున్నాను.

నాలుగు పేజీల్లో మూడు పేజీలు కథే. మిగిలిన ఒక్క పేజీలో 'వెన్నులో వణుకు' ఐదుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. నిజం చెప్పు, నీకు వెన్నులోనే వణుకు పుట్టిందా? నాకైతే ఆ సినిమా చూస్తుంటే వెన్నుకి ఎప్పుడూ ఏమీ కాలేదు. అరచేతులు చల్లబడతాయి. ఒకచోట ఊపిరి బిగబట్టి కూర్చున్నానని ఆ సీన్ అయిపోయాక గానీ తెలియలేదు. నీకు ఎక్కడ, ఏమైందో గుర్తు తెచ్చుకుని అది రాయి. అందరూ వాడి అరగదీసిన మాట నీకెందుకు?

కథ నాలుగు వాక్యాల్లో తేల్చెయ్. తల్లీతండ్రీ లేని ఇద్దరు పిల్లలు, బ్లై అనే పెద్ద బంగళా, వాళ్లకి చదువు చెప్పడానికి వచ్చిన గవర్నెస్, అంతకుముందు అక్కడే పనిచేసి చనిపోయిన ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. వాళ్లిద్దరూ ఈవిడకి కనబడుతుంటారు, పిల్లలకీ కనబడుతున్నారని ఈవిడ నమ్మకం. ఇంతే. ఏ సంగతి వచ్చినా నాకు కబురు పెట్టొద్దని షరతు పెట్టి చేతులు దులుపుకున్న సంరక్షకుడు ఉన్నాడే, ఈ సినిమాకి మూలమైన నవల లెక్క ప్రకారం ఆయన పిల్లల తండ్రికి అన్న. అంటే వాళ్లకి పెదనాన్న అవుతాడు. నాకు ఆయనంటే పడకపోవడానికి అదొక కారణం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీ వ్యాసం చివర తీర్పు చెప్పేశావు: దయ్యాలేమీ లేవు, అంతా ఆవిడ మనసు చేసిన మాయ అని. నేనూ నీ వయసులో అచ్చం ఇలాగే రాశాను. ఇంకా గట్టిగా రాశాను. ఉద్యోగంలోకి తీసుకునే ముందు ఆ పెద్దమనిషి "నీకు ఊహాశక్తి ఉందా?" అని అడుగుతాడు కదా, ఆవిడ ఉత్సాహంగా ఉందంటుంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని లాయరులా కేసు వాదించి గెలిచాననుకున్నాను. అది ఒక చిన్న పత్రికలో అచ్చయింది కూడా. తర్వాత కొన్నాళ్లకి సినిమా మళ్లీ చూశాను. పిల్లల చదువుగదిలో, పట్టపగలు, నల్లబట్టల్లో ఒకావిడ బల్ల ముందు కూర్చుని ఏడుస్తుంటుంది. గవర్నెస్ దగ్గరికి వెళ్లేసరికి అక్కడ ఎవరూ ఉండరు. కానీ ఒక తడి చుక్క ఉంటుంది. ఆవిడ దాన్ని వేలితో తాకుతుంది. అది కన్నీటి చుక్క. మనసు చేసిన మాయ అయితే బల్ల దగ్గర తడి ఎక్కడిది?

ఆ చుక్క నేను మొదటిసారీ చూశాను. చూసి, నా వాదానికి అడ్డం వస్తుందని మర్చిపోయాను. అచ్చయిన వ్యాసాన్ని వెనక్కి తీసుకోలేం కదా. నీది ఇంకా అచ్చు కాలేదు, అదృష్టవంతురాలివి.

అలాగని నేను ఇప్పుడు దయ్యాల పక్షం చేరిపోయానని అనుకోకు. ఈసారి చూసేటప్పుడు ఒక్క పని చెయ్యి: దయ్యం కనబడే ప్రతిచోటా, ముందు ఎవరి ముఖం చూపించారో కాగితం మీద రాసుకో. చాలాచోట్ల ముందు గవర్నెస్‌గా వేసిన డెబొరా కెర్ ముఖం వస్తుంది. కళ్లు ఎక్కడో నిలిచిపోతాయి, నోరు కొంచెం తెరుచుకుంటుంది. ఆ తర్వాతే ఆవిడ చూస్తున్నది మనకి కనబడుతుంది. అంటే దర్శకుడు జాక్ క్లేటన్ మనకి దయ్యాన్ని చూపించట్లేదు, ఆవిడ చూపుని చూపిస్తున్నాడు. అది ఒకవైపు లాగుతుంది, కన్నీటి చుక్క ఇంకోవైపు లాగుతుంది. చిట్టచివర అబ్బాయి కుప్పకూలినప్పుడు పైనుంచి ఒక చెయ్యి కనబడే షాట్ ఉందే, అది ఆవిడ ఉన్న చోటునుంచి చూసినది కాదు. మరి ఎవరి చూపు? దీనికి నేను ఇప్పటికీ జవాబు రాయలేదు, రాయను కూడా. నువ్వూ ఆ ప్రశ్నని అలాగే వదిలెయ్. చదివేవాడు సినిమా చూసి తన తిప్పలు తను పడతాడు.

పుస్తకం సంగతి. హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' నువ్వు ఇంకా చదవలేదని వ్యాసం చూస్తేనే తెలుస్తోంది, ఎందుకంటే "నవలకి న్యాయం చేశారు" అని రాశావు. చదవకుండా ఆ మాట రాయకూడదమ్మా. చిన్న పుస్తకమే, 1898లో ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. వాక్యాలు మాత్రం కాస్త మెలికలు తిరుగుతాయి, విసుక్కోకు. చదివాక రెంటికీ తేడాల పట్టిక వెయ్యకు. నవల్లో ఆవిడకి ఇరవై ఏళ్లు, పేరే లేదు; సినిమాలో మిస్ గిడెన్స్, నటికి నలభై దగ్గర. ఇలాంటివి ఒక వాక్యంలో దాటెయ్.

ఒక్క తేడా దగ్గర మాత్రం ఆగు. నవల్లో ఆవిడ కిటికీ బయట చూసిన మనిషి రూపం పూసగుచ్చినట్టు చెబుతుంది, ఆ ఇంటి పనులు చూసుకునే మిసెస్ గ్రోస్ వెంటనే అది క్వింట్ అని, అంటే చనిపోయిన ఆ మగమనిషేనని గుర్తుపడుతుంది. అంతకుముందు అతన్ని గానీ, అతని బొమ్మని గానీ ఈవిడ చూసి ఉండదు. దయ్యం నిజమే అనేవాళ్లకి అదే పెద్ద ఆధారం. సినిమాలో ఏం చేశారు? దాగుడుమూతలు ఆడుతూ అటక మీదికి వెళ్తే, పాత సామాన్ల మధ్య ఒక మ్యూజిక్ బాక్స్ దొరుకుతుంది. అందులో ఒక మగమనిషి చిన్న చిత్రం. ఆ తర్వాతే కిటికీ అద్దం వెనక చీకట్లోంచి అదే ముఖం వస్తుంది. ఒక్క చిన్న బొమ్మ పెట్టి ఆ ఆధారం కాళ్లు విరగ్గొట్టేశారు! స్క్రీన్‌ప్లే విలియం ఆర్చిబాల్డ్, ట్రూమన్ కపోటి. ఆర్చిబాల్డ్ అంతకుముందే ఈ నవలని నాటకంగా రాశాడు, సినిమా పేరు కూడా ఆ నాటకానిదే. క్లాసిక్‌ని తెరకెక్కించడంలో పనితనం అంటే నాకు ఇలాంటిదే గుర్తొస్తుంది. నువ్వు ఒక పేజీ ఖర్చుపెట్టదలుచుకుంటే ఇక్కడ పెట్టు.

నువ్వు ఈ సినిమా ఫోన్‌లో చూశావని మీ అమ్మ చెప్పింది. కోప్పడను గానీ, రెండోసారి మాత్రం ఇంట్లో ఉన్న పెద్ద తెర మీద, లైట్లన్నీ ఆర్పి చూడు. కారణం ఉంది. ఇది సినిమాస్కోప్, బాగా వెడల్పు ఫ్రేమ్. స్టూడియో పట్టుబట్టడం వల్లే ఆ వెడల్పు వచ్చింది, క్లేటన్‌కి ఇష్టం లేదు. కెమెరామన్ ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఏం చేశాడంటే, ఫిల్టర్ల అంచులకి రంగు పూసి ఫ్రేము రెండు పక్కలా చీకటి చేశాడు. ఆవిడ కొవ్వొత్తి పట్టుకుని నడుస్తుంటే మధ్యలో వెలుతురు, అటూ ఇటూ మసక. ఆ మసకలో ఏదో కదిలిందని మన కళ్లు వెతుకుతూనే ఉంటాయి. చేత్తో పట్టుకున్న ఫోన్‌లో ఆ మసక ఎక్కడ కనబడుతుంది, నీ ముఖమే కనబడుతుంది!

అలాగే ఒక సీన్ ఇంకో సీన్‌లోకి కరిగిపోవడం గమనించు. ఎడిటర్ జిమ్ క్లార్క్ ఆ డిజాల్వ్‌లని చాలాసేపు నడిపిస్తాడు, ఒకదాని మీద ఒకటి పేర్చి. ఆవిడ ముఖం పోకుండానే తోట వస్తుంది, తోట పోకుండానే ఇంకేదో వస్తుంది. ఏది ఎక్కడ మొదలైందో తెలియదు.

ఇవన్నీ చెప్పాను కదా అని వ్యాసం నిండా కొవ్వొత్తులకి ఎన్ని వత్తులు, ఏ స్టూడియోలో సెట్ వేశారు లాంటివి కూరకు. ఆ జబ్బు నాకు కొన్నాళ్లు ఉండేది. నీకు ఏదో ఒకటి అనిపించి, అది ఎలా చేశారా అని వెతికితే దొరికిన వివరం అయితేనే పెట్టు.

'గోతిక్' (పాత బంగళాలు, దయ్యాలు, గుబులు ఉండే కథల రకం) అనే మాటకి నిర్వచనంతో మొదలుపెట్టావు, అది తీసెయ్. పరీక్ష జవాబులా ఉంది. దాని బదులు నువ్వు మూడో పేజీలో బ్రాకెట్లో రాసి వదిలేసిన విషయం ఉంది చూడు: తోటలో రాతి బొమ్మ నోట్లోంచి పురుగు బయటికి రావడం. గులాబీలు, ఎండ, పసిపిల్లాడి ముఖంతో చెక్కిన బొమ్మ, దాని పెదాల మధ్యనుంచి నల్లటి పురుగు. కాసేపే. ఎవరూ అరవరు, మ్యూజిక్ మన మీద పడదు. అందమైన ఇంట్లో ఏదో కుళ్లిందని అది ఒక్కటే చెప్పేస్తుంది. దాన్ని బ్రాకెట్లోంచి బయటికి తీసి ఒక పేరా ఇవ్వు.

నటన గురించి నాలుగు విశేషణాలు ఇచ్చి వదిలేశావు. పిల్లలిద్దరిలో ఒకరిని పట్టుకో, చాలు. నేనైతే అబ్బాయిని పట్టుకుంటాను. ఆ వయసుకి అంత మర్యాదగా మాట్లాడే పిల్లాడంటేనే నాకు గుబులు. ముగింపు మాత్రం బయటపెట్టకు. నీకు రాశానంటే నువ్వు చూశావు కాబట్టి.

ఇక మొదలు ఎక్కడ అంటావా? నీ నాలుగో పేజీ అడుగున, సంతకం పైన, చిన్నక్షరాల్లో రాశావు. సినిమా పేర్లు పడకముందే, ఆఖరికి కంపెనీ గుర్తు కూడా రాకముందే, నల్లటి తెర మీద ఒక ఆడపిల్ల గొంతు పాడుతుంది కదా. ఆ పాట రెండు రోజులు నీ నోట్లోనే ఆడిందనీ, గిన్నెలు సర్దుతూ కూనిరాగం తీస్తుంటే అమ్మ "ఏం పాటే అది?" అని అడిగిందనీ, నువ్వు "ఏం లేదు" అన్నావనీ.

వ్యాసం అక్కడ మొదలుపెట్టు. అమ్మకి ఎందుకు చెప్పలేదో కూడా రాయి. రాశాక నాకు పంపు, ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి చెయ్, నా కళ్లజోడు పాతదైపోయింది.

మీ పెదనాన్న