అమావాస్యకు రెండు రోజుల ముందు బయలుదేరండి
ద్వీపయాత్రలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసి కావలిలో ఉంటున్నాను. వచ్చే జనవరిలో నేనూ మావారూ, అబ్బాయీ కోడలూ, ఎనిమిదేళ్ల మనవరాలూ పదకొండేళ్ల మనవడూ కలిసి అండమాన్‌లో ఐదు రాత్రులు గడపాలనుకుంటున్నాము. టూర్ ఏజెంటు ఇచ్చిన కాగితంలో చూడదగిన ప్రదేశాలు పంతొమ్మిది ఉన్నాయి. మావారికి మోకాళ్ల నొప్పులు. ఇన్నీ చూడగలమా? ఏవి విడిచిపెట్టినా ఫరవాలేదు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: పంతొమ్మిదీ చూడలేరమ్మా. చూసి తీరాలని పట్టుపడితే ఆ ఐదు రోజులూ జెట్టీల దగ్గర వరుసల్లో నిలబడటానికీ, వ్యానులోకి సామాన్లు ఎక్కించి దించడానికే సరిపోతాయి. అక్కడ ఏ పూట ఏం చూడగలమన్నది ఏజెంటు కాగితం నిర్ణయించదు. పడవల వేళలు, సూర్యుడు, ఆటుపోట్లు నిర్ణయిస్తాయి. అండమాన్ మనకు ఎంతో తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కనుక జనవరిలో సాయంత్రం ఐదుంబావు ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. కావలి లెక్కన ఆరింటిదాకా వెలుతురు ఉంటుంది గదా అని నాలుగున్నరకు ఒక బీచికి బయలుదేరితే చీకటిని చూసి వెనక్కి రావలసి వస్తుంది.

ఆటుపోట్ల సంగతి ఇంకా ముఖ్యమైనది. మైపాడులోనో తుమ్మలపెంటలోనో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టంలో తేడా మహా అయితే మీటరు ఉంటుంది. అందుకే మనం దానిని అంతగా పట్టించుకోము. అండమాన్‌లో అమావాస్య, పౌర్ణమి రోజులలో ఆ తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. పొద్దున మోకాలిలోతు నీళ్లున్న చోట మధ్యాహ్నానికి పగడపు రాళ్లు తేలి ఉంటాయి. అందువల్ల తేదీలు ఖాయం చేసుకునే ముందు గోడమీది క్యాలెండరులో జనవరి అమావాస్య ఎప్పుడో చూసుకుని, దానికి రెండు రోజుల ముందు చెన్నైలో విమానం ఎక్కేలా టికెట్లు తీసుకోమని నా సలహా. అమావాస్యనాడు ప్రయాణం వద్దనే పట్టింపు మన ఇళ్లలో ఉన్నదే. ఇలా వెళితే ఆ పట్టింపూ నిలుస్తుంది, మూడో రాత్రి, అంటే అమావాస్య రాత్రి, మీరు స్వరాజ్ ద్వీప్‌లో ఉంటారు. 2018 వరకు హావ్‌లాక్ అని పిలిచిన ద్వీపమే అది. వెన్నెల లేని ఆ రాత్రులలో, గాలి నిమ్మళంగా ఉంటే, నీటిలో ఉండే కంటికి కనపడని సూక్ష్మజీవులు కదలిక తగిలినప్పుడల్లా నీలంగా మెరుస్తాయి. దీపాలకు దూరంగా, స్థానికులు చూపించిన చోట, మనవరాలిని చీలమండల లోతు నీటిలో నిలబెట్టి చేత్తో నీళ్లు కదపమనండి. వేళ్ల మధ్య నుంచి మిణుగురులు జారిపోతున్నట్లు ఉంటుంది. ఇది కచ్చితంగా కనిపిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ, వెన్నెల రాత్రులలో వెళితే కనిపించే అవకాశం బాగా తగ్గిపోతుంది.

మొదటి రోజు శ్రీ విజయపురంలో దిగుతారు. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో పెట్టిన పేరు అది. ఆ పూటంతా సెల్యులార్ జైలుకే కేటాయించండి. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఈ జైలు, నడిమి బురుజు చుట్టూ ఏడు రెక్కలుగా ఉండేది. ఇప్పుడు మూడు రెక్కలే మిగిలాయి. ఒక రెక్క ముందుభాగం మరో రెక్క వెనుకభాగానికి ఎదురుగా వచ్చేలా కట్టడం వల్ల ఖైదీలు ఒకరి ముఖం ఒకరు చూసుకునే వీలు ఉండేది కాదు. మన్యంలో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటంలో పట్టుబడిన వారిలో కొందరు కూడా ఇక్కడే శిక్ష అనుభవించారు కాబట్టి తెలుగువారు ఈ చోటును పైపైన చూసి రాకూడదు. గదుల తలుపుల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. గొళ్లెం తలుపును ఆనుకుని ఉండదు. గోడలో ఎడంగా తొలిచిన గూటిలో పడుతుంది. మీ మనవడిని లోపల నిలబెట్టి, ఊచల మధ్య నుంచి చేయి చాపి దానిని అందుకోమనండి. ఎంత చాపినా అందదు. ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేనిది ఆ పిల్లవాడికి అక్కడ తెలుస్తుంది. రాత్రి అదే ఆవరణలో జరిగే ధ్వని, కాంతి ప్రదర్శనకు టికెట్లు ముందుగానే తీసుకోవాలి. పగలు జైలు చూడకుండా ప్రదర్శనకు మాత్రమే వెళ్లడంలో అర్థం లేదు.

రెండు, మూడు రాత్రులు స్వరాజ్ ద్వీప్‌లో గడపండి. రాధానగర్ బీచికి మూడున్నరకల్లా చేరుకోవాలి. ఇసుక అంత తెల్లగా ఎందుకుందని పిల్లలు తప్పక అడుగుతారు. మన తీరపు ఇసుక ఎక్కువగా పెన్న వంటి నదులు కొండరాళ్లను అరగదీసి మోసుకొచ్చినది. అక్కడి ఇసుకలో పగడాల, గవ్వల పొడి ఎక్కువ. ఒండ్రు తెచ్చే పెద్ద నదులు లేకపోవడం వల్లే నీరు కూడా అంత తేటగా ఉంటుంది. పగడాలను చూడటానికి ఎలిఫెంట్ బీచికి పడవలో ఉదయమే వెళ్లండి. ఈత రానివారిని కూడా రబ్బరు ట్యూబు పట్టుకోమని, ముఖానికి అద్దం తొడిగి, మనిషి తోడుండి చూపిస్తారు, మీరూ సంకోచించకండి. మొసళ్లున్నాయని బోర్డు పెట్టిన చోట మాత్రం ఎవరు ధైర్యం చెప్పినా నీటిలో దిగవద్దు. 2010లో రాధానగర్ సమీపంలోని ఒక చిన్న అఖాతంలో ఒక పర్యాటకురాలు ఉప్పునీటి మొసలి వాతపడి చనిపోయారు.

నాలుగో రోజు షహీద్ ద్వీప్, అంటే పాత నీల్ ద్వీపం. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అని ఊళ్ల పేర్లు వింటేనే మనసుకు దగ్గరగా అనిపిస్తుంది. ఇక్కడి సహజ శిలా వారధిని చూడటానికి ఆటు వేళే వెళ్లాలి. ఆ వేళ ఆ రోజు ఎప్పుడో ముందురోజే బసలో అడగండి. రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. అమావాస్య మర్నాడు కాబట్టి నీరు బాగా వెనక్కి తీస్తుంది, రాళ్ల మధ్య గుంటలలో చిన్న చేపలు, పీతలు, సముద్ర దోసకాయలనే జీవులు కనిపిస్తాయి. వాటిని పైకి తీసి చేతిలో పెడతామని ఎవరైనా అంటే వద్దని చెప్పండి, అవి చూడటానికే. దారి ఎగుడుదిగుడు రాళ్లతో, పాచితో ఉంటుంది. మీవారు అంతదూరం దిగవలసిన పని లేదు. నీరు నిండుగా ఉన్న వేళ చూసుకుని ఆయన భరత్‌పూర్‌లో అడుగున అద్దం అమర్చిన పడవ ఎక్కితే మోకాళ్లకు శ్రమ లేకుండా పగడాలు చూడవచ్చు.

చివరి రోజు శ్రీ విజయపురానికి తిరిగి వచ్చాక వీలుంటే పాత రాస్ ద్వీపం (ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) చూడండి. ఒకప్పటి బ్రిటిష్ పాలనా కేంద్రపు గోడలను మర్రి జాతి చెట్ల వేళ్లు పట్టి నిలబెట్టినట్లుంటాయి. మధ్యలో జింకలు తిరుగుతుంటాయి.

ఇక విడిచిపెట్టవలసినది బారాటాంగ్ ద్వీపం. తెల్లవారుజామున మూడింటికి లేచి, జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా వాహనాల బారులో ప్రయాణించి వెళ్లాలి. సున్నపురాతి గుహలు బాగుంటాయి, కాదనను. అయితే దారి పొడవునా బండిలోని వారందరూ కిటికీలోంచి సాటి మనుషుల కోసం వెతకడం, పిల్లలు దానిని చూసి నేర్చుకోవడం నాకు ఎంతమాత్రమూ ఇష్టం లేదు. అక్కడ ఆగడం, ఫొటోలు తీయడం నేరం కూడా. జల క్రీడల ప్యాకేజీని కూడా కొట్టివేయవచ్చు.

తిరుగు ప్రయాణంలో పిల్లల సంచులు ఒకసారి మీరే చూడండి. పగడపు ముక్కలు తీసుకురావడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, విమానాశ్రయంలో తీయించేస్తారు. భాష గురించి దిగులు పడవద్దు, ఆ ద్వీపాల జనాభాలో పదిమందికి ఒకరి కంటే ఎక్కువగా తెలుగువారే.

ప్రశ్న: మేమిద్దరం ఒంగోలులో ఉద్యోగం చేస్తున్నాము. లక్షదీవులు వెళ్లాలని ఉంది. అక్కడ చూడవలసిన ప్రదేశాలు ఏమిటి?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: లక్షదీవులలో ప్రదేశాల జాబితా చాలా చిన్నది, సముద్రమే అక్కడి ప్రదేశం. మొత్తం 36 ద్వీపాలు, వాటిలో జనం ఉండేవి పది. నేల అంతా కలిపి 32 చదరపు కిలోమీటర్లే. పగడపు దిబ్బ వలయంలా పెరిగి మధ్యలో నిలకడ నీటిని పట్టి ఉంచుతుంది. బయట కెరటాలు ఎంత పెద్దవైనా ఆ దిబ్బ మీదే విరిగిపోతాయి కనుక లోపల చెరువులా ఉంటుంది. అనుమతిపత్రం లేనిదే వెళ్లలేరు, ఎక్కువమంది వెళ్లే దారి కొచ్చి మీదుగా. దక్షిణాన ఉన్న మినికాయ్‌లో 1885లో కట్టిన దీపస్తంభం ఉంది. అక్కడి భాష మహల్, బతుకుతెరువు ట్యూనా చేప. వర్షాకాలం మానుకోండి. ఊళ్లలో తిరిగేటప్పుడు దుస్తుల విషయంలో అక్కడివారి పద్ధతిని గౌరవించండి.

ప్రశ్న: అంత ఖర్చు పెట్టలేము. ఒక్క రోజులో పిల్లలకు ఒక దీవి చూపించే వీలు ఉందా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఉన్నది. పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి తడ దగ్గరి భీములవారిపాళెం రేవు నుంచి పడవలు నడుస్తాయి. అది విహారకేంద్రం కాదు, జాలర్ల ఊరు. భోజనం, మంచినీళ్లు మీవెంట తీసుకువెళ్లాలి. సరస్సు లోతు తక్కువ, నీటిమట్టాన్ని బట్టి పడవలు నడుస్తాయి కనుక ముందుగా కనుక్కోండి. నవంబరు వానలు తగ్గిన తర్వాత, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళితే ఫ్లెమింగోలు నీటిలో తలకిందులుగా ముక్కు ముంచి మేస్తూ కనిపిస్తాయి. పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్టు లేదని పడవవారు అంటే ఎక్కవద్దు. ఆ రోజు దీవి మానుకుని, దారిలోనే నేలపట్టు దగ్గర దిగి, చెరువులో నిలిచిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) తమ పిల్లలకు మేత పెట్టడం చూపించి తీసుకురండి.